కొండ ఎక్కనివ్వండి, కాటా దించేయండి

విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాశారు. ఉత్తరం పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడ కూతురికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. తండ్రికి సైకిలంటే ప్రాణం. చిన్నప్పుడే బీచ్ రోడ్డు మీద కూతురికి నేర్పారు, పదో తరగతికి వచ్చేసరికి ఇద్దరూ కలిసి భీమిలి దాకా వెళ్లి వచ్చేవారు. నగరంలోని సైక్లింగ్ మిత్రులు ఏటా సంక్రాంతి వెళ్లాక ఒక పందెం పెడతారు. ఒకే ఉదయం మూడు చిన్న కొండలు. ఒక్కొక్కటి మూడు నుంచి ఐదు నిమిషాల ఎక్కుడు. ఒకరి తర్వాత ఒకరిని నిమిషం తేడాతో వదిలి, మూడు కొండల సమయమూ కలిపి స్థానాలు ప్రకటిస్తారు. కిందటిసారి అమ్మాయికి తొమ్మిది సెకన్ల తేడాతో రెండో స్థానం పోయింది. ఆ రోజు కొండ మీద ఒక పెద్దాయన, "ఇంకో మూడు కిలోలు తగ్గితే నిన్ను పట్టుకునేవాళ్లే ఉండరమ్మా" అన్నారు.

ఆ మాటతో ఇంట్లోకి బరువు తూచే మిషన్ వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున్నే తండ్రి కూతురిని తూచి, వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో తిథి, నక్షత్రాల పక్కన ఎర్ర పెన్నుతో అంకె వేస్తున్నారు. "ఆ క్యాలెండర్ మీద నేను పాల లెక్క రాసుకునేదాన్ని" అని ఆవిడ రాశారు. 54 దగ్గర మొదలైన అంకె ఇప్పుడు 47. అమ్మాయి ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. చదువుకునే బల్ల వెనక కాగితంలో చుట్టిన చపాతీలు దొరికాయి. దువ్వెన నిండా జుట్టు. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ కట్టేసి దుప్పటి కప్పుకుంటోంది. జులై తర్వాత నెలసరి రాలేదు. అడిగితే, "ఆటల్లో ఉన్నవాళ్లకి మామూలేనమ్మా, పైగా హాయి" అంటోంది. ఆ సంగతి భర్తకు చెప్పలేదు, ఆడవాళ్ల విషయం ఎలా చెప్పనని ఊరుకున్నారు.

మొన్న ముగ్గురూ కలిసి పందెం దారి చూడడానికి వెళ్లారు. మొదటి కొండ అమ్మాయి కిందటేడు కంటే త్వరగా ఎక్కింది. మూడో కొండ మీద సగంలో కాళ్లు ఆగిపోయాయి, పైకి వచ్చి ఏడ్చింది. "ఇంకో కిలో తగ్గాలి" అన్నారు తండ్రి. ఫ్రాన్స్ క్రీడాకారిణి ఒకరు బరువు తగ్గి పెద్ద పందెం గెలిచిన వీడియో చూపించారు. అత్తగారేమో, మూడు నిమిషాల ముచ్చటకు పిల్ల నల్లబడి ఎముకల గూడయిందని రోజూ సణుగుతున్నారు.

ఆవిడ అడిగింది ఇది: "నిర్వాహకుల్లో ఒకరి భార్య నాకు తెలుసు. ఆవిడకు చెప్పి, ఇద్దరికీ తెలియకుండా అమ్మాయి పేరు తీయించేద్దామా? లేక సైకిలే మాన్పించనా? నేను ఆటలు తెలియని మనిషినని ఇద్దరూ అంటారు. నిజంగానే నాకు తెలియక భయపడుతున్నానా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు తెలియక భయపడడం లేదు. ఆ ఇంట్లో అసలు సంగతి పట్టుకున్నది మీరొక్కరే. ఆ చపాతీలు, ఆ దుప్పటి, ఆగిపోయిన నెలసరి విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికీ ఏదో కారణం చెప్పుకోవచ్చు. మీరు మూడింటినీ కలిపి చూశారు. డాక్టర్లు కూడా అలాగే చూస్తారు.

తినే తిండి, చేసే శ్రమకు చాలకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. జీతం సగమే వచ్చిన నెలలో ఇల్లాలు అద్దె, బియ్యం, పాలు ముందు చూసుకుని మిగతావి ఎలా ఆపేస్తుందో, శరీరం కూడా గుండెకూ మెదడుకూ ముందు ఇచ్చి, నెలసరి, జుట్టు, ఒంటి వేడి, ఎముకలు కట్టే పని పక్కన పెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి, అన్ని ఆటల వైద్యులకూ మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటిని మళ్లీ సవరించింది. ఇది మగ క్రీడాకారులకూ వస్తుందని కూడా అందులో స్పష్టంగా ఉంది. ఆడవాళ్లలో నెలసరి ఆగడం వల్ల ముందుగా బయటపడుతుంది, అంతే తేడా. కాబట్టి ఆటల్లో ఉన్నవాళ్లకి ఇది మామూలే అన్న మాట తప్పు. చాలామందిలో కనిపిస్తుందంటే మంచిదని అర్థం కాదు. క్రమంగా వచ్చే నెలసరి మూడు నెలలు ఆగితే ఏ వయసులోనైనా డాక్టరుకు చూపించాల్సిందే. మీ అమ్మాయికి ఆ గడువు దాటిపోయింది.

ఎముకల సంగతి కాస్త నిలబడి చూడాలి. మనిషి జన్మంతా వాడుకునే ఎముక బలంలో చాలా భాగం ఇరవై ఏళ్లలోపే జమ అవుతుంది. నెలసరి ఆగినప్పుడు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గి ఆ జమ కుంటుపడుతుంది. పైగా సైకిల్ మీద శరీర బరువును సీటు మోస్తుంది కాబట్టి, పరుగెత్తినప్పుడూ గెంతినప్పుడూ ఎముకకు అందే అదురు సైకిల్ వాళ్లకు అందదు. రోడ్డు సైక్లిస్టుల్లో ఎముకలు పలచగా ఉండడం వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నదే. అంటే ఈ ఆటలో ఉన్న పిల్లకు తిండి మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం.

ఇక మీవారి లెక్క. ఆయనను నేను తప్పుపట్టాలని కూర్చోలేదు. పదిహేడేళ్ల కూతురిని తెల్లవారుజామున లేపి, తానూ వెంట తొక్కి, కొండ కింద నీళ్లు పట్టుకుని నిలబడే తండ్రులు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు? కొండ మీద పెద్దాయన చెప్పిన లెక్కలో కొంత నిజం కూడా ఉంది. నిటారు రోడ్డు మీద గాలి అడ్డు తక్కువ, పోరాటమంతా బరువుతోనే. అమ్మాయి 54, సైకిలు, బూట్లు, హెల్మెట్ కలిపి ఓ పది కిలోలు అనుకుందాం, మొత్తం 64. అందులో మూడు కిలోలు తగ్గితే దాదాపు 5 శాతం తక్కువ. మూడు నిమిషాల కొండ మీద ఎనిమిది సెకన్లు మిగులుతాయి. తొమ్మిది సెకన్లతో స్థానం పోయిన ఇంట్లో ఈ అంకె ఎంత ఊరిస్తుందో నాకు అర్థమవుతోంది.

కానీ కాళ్ల బలం ఇసుమంత కూడా తగ్గకపోతేనే ఆ లెక్క నిలుస్తుంది. బలం 5 శాతం తగ్గితే మిగిలిన ఎనిమిది సెకన్లూ పోతాయి, ఇంకా తగ్గితే ఎదురు నష్టం. మూడు నిమిషాల ఎక్కుడుకు శరీరం వాడేది ప్రధానంగా కండరాల్లో నిలవ ఉండే పిండిపదార్థం. అన్నం, ఇడ్లీ, చపాతీ నుంచి వచ్చేది అదే. చాలీచాలని తిండితో మొదట ఖాళీ అయ్యేదీ అదే. మొదటి కొండకు ఉన్న కాస్తా సరిపోతుంది, బరువు తగ్గినందుకు గడియారం మెచ్చుకుంటుంది. మూడో కొండకు ఏమీ మిగలదు. మొన్న మీ కళ్ల ముందు జరిగింది ఇదే. ఆయన దానిని ఇంకో కిలో తగ్గాలనడానికి రుజువుగా చూశారు. ఆ మూడో కొండ చెప్పింది పిల్లకు తిండి చాలడం లేదని. ఈ ఒక్క విషయం ఆయన భాషలో, సెకన్ల భాషలో చెప్పగలిగితే మీరు సగం పని చేసినట్టే.

ఆ వీడియో గురించి కూడా చెప్పాలి. ఆయన చూపించింది 2025 టూర్ ద ఫ్రాన్స్ మహిళల పందెం గెలిచిన పొలీన్ ఫెరాన్-ప్రెవో గురించే అయి ఉంటుంది. ఆ పందేనికి ముందు ఆవిడ బరువు తగ్గిన మాట నిజం. అప్పటికి ఆవిడకు 33 ఏళ్లు, ఎదిగిన శరీరం, పక్కనే జట్టు పోషకాహార నిపుణులు. అది నూటికి నూరుపాళ్లు ఆరోగ్యకరమైన పని కాదని ఆవిడే విలేకరులతో ఒప్పుకున్నారు. ఆ విషయంపై తోటి క్రీడాకారిణుల్లోనే పెద్ద చర్చ జరిగింది. ఆవిడ నిర్ణయాత్మకంగా గెలిచిన ఆల్ప్స్‌లోని మడ్‌లెన్ కనుమ 18 కిలోమీటర్లకు పైబడిన ఎక్కుడు, గంటసేపటి శ్రమ. విశాఖ కొండలు వేరు. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రందాకా వచ్చి ఆగాయి కాబట్టి రోడ్డు నీటిమట్టం దగ్గర మొదలై ఒక్కసారిగా లేస్తుంది, కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అలాంటి చోట కాళ్లలో పేలుడు బలం కావాలి. ఆల్ప్స్ పర్వతాల కోసం ఒక వృత్తి క్రీడాకారిణి చేసినదాన్ని కైలాసగిరి లాంటి ఎక్కుడు కోసం ఎదిగే పిల్ల చేయడం ఆటపరంగా కూడా పొరపాటు.

అత్తగారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి, రంగు గురించి అయితే అసలు వద్దు. మూడు నిమిషాల ముచ్చట అని కొట్టిపారేయడం కూడా సరికాదు. ఇంగ్లండ్‌లో కాట్‌ఫర్డ్ క్లబ్ వాళ్లు ఇలాంటి పొట్టి కొండ పందేన్ని 1887లో మొదలుపెట్టారు. ఇప్పటికీ కెంట్ ప్రాంతంలో నడుస్తోంది. ముప్పావు కిలోమీటరు కూడా లేని రోడ్డు, గెలిచేవాళ్లకు రెండు నిమిషాల పని. దానికోసం ఏడాదంతా సాధన చేసేవాళ్లున్నారు. మీ అమ్మాయి ప్రేమించినది నిజమైన ఆటే.

ఇక మీ ముందున్న దారులు.

రహస్యంగా పేరు తీయించడం గురించి అడిగారు. జనవరికి పని జరుగుతుంది, కాదనను. కానీ అంత చిన్న గుంపులో ఆ మాట దాగదు. ఏదో ఒక ఆదివారం టీ కొట్టు దగ్గర బయటపడుతుంది. అప్పటికే తిండి దాస్తున్న పిల్లకు, ఈ ఇంట్లో దాచడమే పద్ధతి అని మీరే చూపించినట్టవుతుంది. ఆ తర్వాత మీరు డాక్టరు దగ్గరకు రమ్మంటే ఎందుకు నమ్ముతుంది? ఈ దారి వద్దనే నా అభిప్రాయం.

సైకిలే మాన్పించడం మరో దారి. ప్రాణం మీదికి వచ్చిన రోజున అది తప్పదు, డాక్టరే మాన్పిస్తారు. కానీ మీరు ఇవాళ కోపంతో మాన్పిస్తే రెండు నష్టాలు. తండ్రీకూతుళ్ల మధ్య ఉన్న మంచి ముడి తెగిపోతుంది. రెండోది ఇంకా పెద్దది. తన చేతిలో ఉన్నదంతా లాక్కున్నారనుకున్న పిల్లకు, తిండి ఒక్కటే తన చేతిలో మిగులుతుంది. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సైకిలు లేకపోయినా మిషన్ ఎక్కడం ఆగకపోవచ్చు.

జనవరి దాకా ఓపిక పట్టి, పందెం అయ్యాక చూద్దామనుకోవడం మూడోది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఇందులో గొడవ లేదు. కానీ ఆలోచించండి. అమ్మాయి గెలిస్తే ఆ గెలుపు 47 అనే అంకె ఖాతాలోకి వెళుతుంది. ఓడితే, ఇంకో కిలో. ఏది జరిగినా మిషన్‌దే పైచేయి. ఈలోగా నెలసరి ఆగి అర్ధ సంవత్సరం దాటుతుంది. ఆ వెంటనే పబ్లిక్ పరీక్షలు, ఆకలి మీద ఉన్న బుర్రతో.

నేను మొగ్గేది నాలుగో దారి వైపు, అది సులువు కాదు. పందెం ఉండాలా వద్దా అనే తీర్పు మీరూ ఆయనా కాకుండా డాక్టరు ఇవ్వాలి. అందుకు ముందు మీవారికి అసలు విషయం తెలియాలి. ఆయన తప్పుడు నిర్ణయాలు తీసుకుంటున్నది అతి ముఖ్యమైన సంగతి తెలియక. ఆ సంగతి మీ దగ్గర ఉంది. నెలసరి మాట భర్తతో చెప్పడానికి మొహమాటపడేంత సమయం ఇప్పుడు లేదు. పిల్ల గుండె గురించో కళ్ల గురించో అయితే ఆ రాత్రే చెప్పేవారు కదా?

అయితే ఆయనకు చెప్పే ముందు అమ్మాయికి చెప్పండి. అడగమనడం లేదు, తెలియజేయమంటున్నాను. "నీ ఒంటి సంగతి నాన్నకు చెప్పబోతున్నాను. నీ మీద చాడీ చెప్పడానికి కాదు, డాక్టరు దగ్గరకు ముగ్గురం కలిసి వెళ్లడానికి." కోప్పడుతుంది. తలుపు వేసుకుంటుంది. అయినా మీరు వెనక తిరగలేదన్నది గుర్తుంటుంది. ఈ మాట భోజనాల బల్ల దగ్గర వద్దు, దొరికిన చపాతీలను ముందు పెట్టి దొంగను పట్టుకున్నట్టు అసలే వద్దు.

ఆయనతో మాట్లాడేటప్పుడు "మీవల్లే" అనే మాట నోటికి రానివ్వకండి. ఆయన అక్కడే గోడ కట్టేస్తారు. జులై నుంచి నెలసరి లేదు, ఎముకలకు ప్రమాదం, మూడో కొండ మీద కాళ్లు ఆగింది ఇందుకే అని మూడు వాక్యాలు చెప్పి ఆగండి. ఆయన ఊరుకుంటే మీరూ ఊరుకోండి. ఆయనకు బయట ఒక పని ఇవ్వండి: డాక్టరు దగ్గర సమయం తీసుకోమనండి. క్యాలెండర్ మీద అంకెలు వేసే చేతికి వేరే పని దొరకాలి.

మొదట గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లండి. క్రీడా వైద్యులు అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. రక్తపరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిలవ), థైరాయిడ్, విటమిన్ డి, హార్మోన్ల పరీక్షలు, స్కానింగ్ చెప్పవచ్చు, ఎముకల సాంద్రత, ఈసీజీ కూడా చూడవచ్చు. గర్భ పరీక్ష కూడా రాస్తారు. అది అందరికీ చేసే పద్ధతి, అవమానంగా తీసుకోవద్దని పిల్లకు ముందే చెప్పండి. రక్తహీనత ఉంటుందేమో ప్రత్యేకంగా అడగండి. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కొండ మీద ఆయాసానికి అదొక్కటి చాలు.

ఒక జాగ్రత్త. నెలసరి రావడానికి మాత్రలు రాసి పంపేస్తే అక్కడితో తృప్తిపడకండి. మాత్రతో వచ్చే రక్తస్రావం మాత్ర వల్ల వచ్చేదే. తిండి కొరత అలాగే ఉంటుంది, పైగా లోపల బాగయిందన్న భ్రమ కలుగుతుంది. సాధన ఎంత, తిండి ఎంత, బరువు ఎన్ని నెలల్లో ఎంత తగ్గిందీ డాక్టరుకు మీరే చెప్పండి. ఆ ఎర్ర అంకెల క్యాలెండర్ ఫోటో తీసుకెళ్లండి, ఈ పనికి అది పనికొస్తుంది. ఆ తర్వాత పేజీలు చించేయండి, మిషన్‌ను ఇంట్లోంచి పంపేయండి. బరువు చూడాల్సిన అవసరం ఉంటే ఆసుపత్రిలో చూస్తారు. అది కూడా పిల్లకు అంకె కనిపించకుండా చూడమని అడగవచ్చు.

డాక్టరు పందెం వద్దంటే ఆ మాట డాక్టరు నోటి నుంచే అమ్మాయి వినాలి. ఆ ఉదయం ఇంట్లో కూర్చోబెట్టకండి. కొండపైన స్టాప్‌వాచ్ పట్టుకునే మనుషులు నిర్వాహకులకు ఎప్పుడూ కావాలి. ఇష్టమైతేనే సుమా, చూస్తూ నిలబడడం కొందరు పిల్లలకు శిక్షలా ఉంటుంది. తేలికగా తొక్కవచ్చంటే, గడియారం లేకుండా, తిన్నాకే, నాన్నతో భీమిలి రోడ్డు. పూర్తిగా కోలుకున్నాక, వచ్చే ఏడో ఆపై ఏడో పందేనికి దిగితే, సెకన్లు దొరికే చోట్లు వేరే చాలా ఉన్నాయని తండ్రికి చెప్పండి, ఆయనకు ఇది నచ్చుతుంది. నిండు నీళ్ల సీసా, దాన్ని పెట్టే చట్రం, పంపు, స్పేర్ ట్యూబు, లైట్లు, ఫోను కొండ కిందే వదిలేస్తే కిలో దాటి తగ్గుతుంది. ఇంగ్లండ్ కొండ పందేల వాళ్లు హ్యాండిల్‌కు చుట్టిన టేపు కూడా విప్పేస్తారు. వెనక చక్రానికి 34 పళ్ల పెద్ద గేరు ఉందా చూడమనండి. మొదటి అర నిమిషం ఉత్సాహం ఆపుకుని, ఆఖరి మలుపు కోసం బలం దాచుకోవడం నేర్పమనండి. ముఖ్యంగా రెండు కొండల మధ్య విరామంలో అరటిపండు తినడం.

తిండి గురించి ఇంట్లో కొసరకండి. "తిను తిను" అన్నకొద్దీ కంచం యుద్ధభూమి అవుతుంది. మూడు పూటలా నలుగురూ కలిసి కూర్చోండి, తండ్రితో సహా, ఆయన కూడా కడుపునిండా తినాలి. తాను రాత్రి భోజనం మానేస్తూ కూతురిని తినమంటే ఆ పిల్ల వినదు. సన్నబడ్డావనీ ఒళ్లు చేశావనీ ఎవరూ ఏమీ అనకూడదు, అత్తగారితో సహా. ఆ మాట అత్తగారికి మీరు చెప్పడం కంటే ఆమె కొడుకు చెప్పడం మేలు.

డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చినా పిల్ల తిండి దాస్తూనే ఉంటే, లేదా తిన్నాక బాత్రూంలో ఎక్కువసేపు ఉంటుంటే, మానసిక వైద్యులను కలవాలి. తిండితో వచ్చే ఈ పేచీ మొండితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. ఎవరిని కలవాలో తెలియకపోతే టెలీ-మానస్ ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం, రాత్రయినా ఫోన్ చేయవచ్చు. మీరొక్కరే అయినా చేయండి, అమ్మాయి పక్కన ఉండక్కర్లేదు.

వచ్చే వారం దాకా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ లేదా లయ తప్పి కొట్టుకోవడం, ఛాతీలో నొప్పి, కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గడం, రోజంతా ఏమీ తినకపోవడం. సైకిల్ వాళ్లకు నాడి నెమ్మదిగానే ఉంటుందని ఎవరైనా అన్నా వినకండి, బరువు ఇంత తగ్గిన పిల్ల విషయంలో ఆ మాట డాక్టరు ఈసీజీ చూసి చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆయనకు దారిలో ఫోన్ చేయండి.